ఫ్యామిలీలకు మాత్రమే

నా భార్య పెద్దకర్మ అయిన మర్నాడు అచ్యుతరావు నన్ను బ్యాచిలర్ అన్నాడు. ఆ మాట తప్పు. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

అది రెండువేల సంవత్సరం. కొత్త సంవత్సరం రాత్రి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అంతకుముందు ఏడాదంతా అమీర్‌పేట భయపెట్టింది. ఏదీ ఆగలేదు. ఎండలు మొదలయ్యే వేళకు మా ప్రమోద ఊపిరి ఆగింది. మాకు పిల్లలు లేరు.

మధురానగర్‌లో అచ్యుతరావు ఇంటి కింది వాటాలో ఉండేవాళ్లం. నడిమి వాటాలో కేదార్, హైందవి అనే కుర్ర దంపతులు. పైన అచ్యుతరావు. కాకినాడ మనిషి, ఇంజనీరుగా రిటైరయ్యాడు. గేటుకు ఒక రేకు బోర్డు కట్టించాడు. దాని మీద 'ఫ్యామిలీలకు మాత్రమే' అని ఎర్ర అక్షరాలు. ఇల్లు ఖాళీ లేనప్పుడు కూడా ఆ బోర్డు దించేవాడు కాదు. కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్ అదే ఇంటి పేరనుకున్నాడు.

ఆ రోజు అచ్యుతరావు గడప అవతలే నిలబడ్డాడు. చెప్పులు విడవలేదు.

"అంబదాస్ గారూ, ఏమీ అనుకోకండి. రూలు రూలే కదండీ. మీరిప్పుడు బ్యాచిలర్ కిందకి వస్తారు."

"నాకు యాభై దాటినయి సార్."

"వయసుతో సంబంధం లేదండి. ఫ్యామిలీ ఉందా లేదా, అంతే."

గోడ మీద ప్రమోద ఫోటో వైపు చూశాను. దండ ఇంకా వాడలేదు. అతనూ చూశాడు. చూసి, వానలు మొదలయ్యేలోపు వేరే ఇల్లు చూసుకోమన్నాడు. వానల్లో సామాను మోయడం కష్టమట. నా సామాను తడుస్తుందని అతని దిగులు.

నాకు ఆ ఇల్లు వదిలే ఉద్దేశం లేదు. కారణం వంటగట్టు. ప్రమోద పొట్టి మనిషి. ఎక్కడ అద్దెకున్నా గట్టు ఆమె ఛాతీ దాకా వచ్చేది, పీట మీద ఎక్కి వండేది. ఈ ఇంట్లో దిగినప్పుడు పాత గట్టు పగలగొట్టించి, ఆమె ఎత్తు కొలిచి, దానికి తగ్గట్టు కట్టించాను. కొలవడం నా పనే. అమీర్‌పేటలో నాకు దర్జీ దుకాణం. ఆమె పోయాక ఆ గట్టు మీద నేను వంగి వండుకున్నాను. నడుము పడిపోయేది. పడిపోతే పోనీ అనుకున్నాను.

అయినా ఇల్లు వెతికాను. వెతకలేదన్న మాట నా మీద ఉండకూడదని వెతికాను. పంజాగుట్టలో సందు సందుకూ అదే బోర్డు. ఒక ఇంటావిడ తలుపు సగం తీసి ఎంతమంది అని అడిగింది. ఒక్కణ్ణే అన్నాను. ఆ సగం కూడా మూసింది.

సరే, ఒక్కడు ఉండే చోటుకే పోదామని అమీర్‌పేటలో హాస్టల్‌కు పోయాను. దాన్ని నడిపే ఓంప్రకాష్ తల ఎత్తకుండానే అడిగాడు.

"సింగిలా, డబులా, ట్రిపులా?"

"సింగిలే. భార్య పోయింది."

"అది కాదు కాకా, రూం సంగతి. సింగిల్ షేరింగ్ జర ఎక్కువైతది."

ఒక్కడే ఉండే గదిలో షేరింగ్ ఎవరితో అని అడిగాను. అతనికి కోపం వచ్చింది. ఏం కోర్సు, జావానా ఒరాకిలా అన్నాడు. బట్టలు కుడతానన్నాను. అప్పుడు తల ఎత్తాడు.

"ఏమనుకోకు కాకా. గిది బ్యాచిలర్స్ హాస్టల్. నిన్ను పెట్టుకుంటే పోరగాళ్లు ఎవని నాయినో వచ్చిండని పరేషాన్ అయితరు. నువ్వు ఫ్యామిలీ ఇల్లు చూసుకో."

పంజాగుట్ట నన్ను బ్యాచిలర్ అని పొమ్మంది. అమీర్‌పేట బ్యాచిలర్ కాదని పొమ్మంది. నేను దుకాణానికి పోయి ఇంటర్వ్యూ ప్యాంట్లు కుట్టుకున్నాను. ఆ ఏడాది కుర్రాళ్లందరికీ నేవీ బ్లూ ప్యాంటే కావాలి. అందరూ నడుం దగ్గర గుడ్డ కాస్త ఎక్కువ వదలమనేవాళ్లు. ఉద్యోగం రాగానే లావవుతామని నమ్మకం. పెళ్లి సంగతి ఎవడూ ఎత్తేవాడు కాదు. అది లావైన తర్వాత.

నడిమి వాటా కేదార్ గేటు దగ్గర కనిపించి నన్ను ఓదార్చబోయాడు. లోకంలో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు మనం అనుకునేకంటే చాలా ఎక్కువమందట. నెట్ సెంటర్‌లో చదివాడట. స్వీడన్ అనే దేశంలో అయితే సగానికి కాస్త తక్కువ ఇళ్లలో ఒక్కొక్కరే ఉంటారట.

"వాళ్లకు ఇల్లెవరు కిరాయికిస్తున్నరు?" అని అడిగాను.

కేదార్ తన వాటా కిటికీ వైపు ఒకసారి చూసి డ్యూటీకి పోయాడు.

కేదార్, హైందవి ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరో డాక్టర్లు చెప్పింది విని టైపు చేసే పని. ఆమెకు పగలు డ్యూటీ, అతనికి రాత్రి డ్యూటీ. ఆమె వచ్చే వేళకు అతను పోయేవాడు. అచ్యుతరావుకు వాళ్లంటే ముచ్చట. కాపురం అంటే అలా ఉండాలని, ఇంతవరకు గొంతు లేచింది లేదని నాకు చాలాసార్లు చెప్పాడు. పోట్లాడాలన్నా ఇద్దరూ ఒకచోట ఉండాలి కదా అని నాకు అనిపించింది. అనలేదు.

ఫ్యామిలీ లేకపోతే తెచ్చుకోవాలి. సిరిసిల్ల పోయి మా అక్క కాంతవ్వను తెచ్చాను. ఆమె మొగుడు సారయ్య మరమగ్గాల పనికని భీవండి పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. అక్క పుస్తెలు తీయలేదు, ఏడవనూ లేదు. బీడీలు చుట్టుకుని బతికింది. ఎవరి మాటా వినదు. నా మాట అసలే వినదు.

గేటు దగ్గర ఆటో దిగి, బోర్డు మీద ఏం రాశారని అడిగింది. చదివి చెప్పాను.

"ఫ్యామిలీ అంటే?"

"మొగడు, పెండ్లాం."

"మరి మనం ఎవలింటికొచ్చినం రా?"

అచ్యుతరావు మెట్ల మీది నుంచే అడ్డు చెప్పాడు. అక్కాతమ్ముళ్లు ఫ్యామిలీ కిందకి రారట. ఫ్యామిలీ అంటే దంపతులట. అక్క ట్రంకు పెట్టె కింద పెట్టి, నడుము మీద చేతులు పెట్టుకుంది.

"మరి మీ ఆమె ఏది సారూ?"

"కాకినాడ వెళ్లిందండి."

"ఎప్పుడొస్తది?"

"చూడాలండి."

మేం ఆ ఇంట్లో దిగినప్పటి నుంచీ ఆమె కాకినాడలోనే ఉంది. నేను ఎన్నడూ అడగలేదు. అక్క దిగిన పూటే అడిగింది. అచ్యుతరావు ఆలోచించి చెప్తానని పైకి పోయాడు.

వంటగట్టు చూసి అక్క, పిల్లల ఆటకు కట్టినట్టుందని నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె ఒకసారి ఫోటో వైపు, ఒకసారి గట్టు వైపు చూసింది. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. స్టవ్వు ముందు వంగి వండేది. నోరు పెద్దదైనా ఆ ఒక్క సంగతిలో మంచిది.

ఇంటి ఓనరు మెత్తబడాలంటే వాడి కడుపు నింపాలన్నది ఆమె ఆలోచన. సర్వపిండి చేసి, గిన్నెలో పెట్టి, పైన ఇచ్చి రమ్మంది. ఆ గిన్నె మోసింది నేను. ఈ సంగతి నేను దాచను.

మర్నాడు గిన్నె తిరిగి వచ్చింది. నిండా ఆవకాయ. అచ్యుతరావు స్వయంగా పెట్టుకున్నదట. కాకినాడవాళ్లు గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. సిరిసిల్లవాళ్లూ ఇవ్వరు. ఇద్దరిలో ఒకరికి ఆ అలవాటు లేకపోయినా నా బతుకు వేరుగా ఉండేది. ఆవకాయ గిన్నెలో పచ్చిపులుసు పైకి పోయింది. పచ్చిపులుసు గిన్నెలో పనసపొట్టు కూర కిందికి వచ్చింది. ఆ గిన్నె ఎండాకాలమంతా మెట్ల మీద తిరిగింది. కాళ్లు మాత్రం నావి.

నేను మెట్లెక్కినప్పుడల్లా ఇంటి సంగతి ఏం చేశారని అచ్యుతరావును అడిగేవాణ్ణి. ఆలోచిస్తున్నానండి అనేవాడు. తర్వాత పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ముందు వేస్తారా, వెనక వేస్తారా అని అడిగేవాడు. నేను కిందికి వచ్చి అక్కను అడిగి, మళ్లీ పైకి పోయి చెప్పేవాణ్ణి.

ఎండలు ముదిరి బోరు ఎండిపోయింది. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, వచ్చినా దగ్గేది. బిందెలు పట్టుకుని మూడు వాటాలవాళ్లం ట్యాంకరు వెంట పరుగెత్తాం. చివరికి అచ్యుతరావు కొత్త బోరు వేయిద్దామన్నాడు. ఆదివారం మంచి ముహూర్తం ఉందన్నాడు.

బోరు లారీ వచ్చింది. లారీ ఓనరు ఐలయ్య వచ్చాడు. పూజకు రఘురామ్ అనే కుర్ర పంతులు వచ్చాడు. ఇతను పొద్దున సంధ్యావందనం కాగానే ఒరాకిల్ క్లాసుకు పోతాడు. నా దగ్గరే నేవీ బ్లూ ప్యాంటు కుట్టించాడు. పౌరోహిత్యం ఉండగా ఒరాకిల్ ఎందుకని అడిగితే, పురోహితుడికి ఎవరూ పిల్లనివ్వడం లేదన్నాడు.

పంతులు రెండు పీటలు వేశాడు. "దంపతులు కూర్చోండి" అన్నాడు.

అచ్యుతరావు ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, చిన్నవాళ్లు, ముచ్చటైన జంట అని కేదార్‌నూ హైందవినీ ముందుకు తోశాడు. ఆదివారం గనుక ఇద్దరూ ఉన్నారు. వాళ్లను పక్కపక్కన చూడటం నాకదే మొదలు. బస్ స్టాపులో నిలబడ్డవాళ్లలా నిలబడ్డారు. పంతులు కొంగుముడి వేయడానికి వంగాడు. హైందవి కొంగు వెనక్కి లాక్కుంది.

"ఆగండి పంతులుగారూ. మేం దంపతులం కాదండి."

అచ్యుతరావు చేతిలో కొబ్బరికాయ అలాగే ఉండిపోయింది.

"ఏంటమ్మా?"

"క్లాస్‌మేట్లం అంకుల్. ఒంటరి ఆడపిల్లనని నాకు ఎవరూ ఇల్లివ్వలేదు. ఒంటరివాడని ఇతనికీ ఇవ్వలేదు. ఇద్దరం కలిసి వస్తే మీరిచ్చారు. దేవుడి ముందు కూడా అబద్ధమంటే భయంగా ఉందండి."

మెడలో పుస్తెలు చూపించింది. కోఠీలో కొన్నవట. అప్పటికే రంగు పోయాయి. వాటాలో ఇద్దరూ కలిసి ఉన్నదే తక్కువని, ఒకరు నిద్ర లేచేసరికి ఒకరు వచ్చి పడుకుంటారని కేదార్ అందుకున్నాడు. దాంతో సంగతి ఇంకా చెడింది.

ముహూర్తం పోతోందని పంతులు, వేరే బోరు పాయింటుకు పోవాలని ఐలయ్య తొందరపెట్టారు. నన్ను ఎవరూ అడగలేదు. నా సంగతి అచ్యుతరావు ముందే తేల్చాడు కదా. ఐలయ్యను అడిగితే, పెండ్లాం జనగామలో ఉందని, లారీలో ఎక్కించుకుని తిరుగుతానా అని కసిరాడు. పక్కింటివాళ్లను పిలుద్దామంటే అటు పక్క అబ్బాయిల హాస్టల్, ఇటు పక్క అమ్మాయిల హాస్టల్. జంట కావాలంటే అటు నుంచి ఒకణ్ణి, ఇటు నుంచి ఒకతెను తేవాలి.

పంతులే దారి చూపాడు. యజమాని భార్య ఊళ్లో లేకపోతే ఆమెకు బదులు తమలపాకులో వక్క పెట్టుకుని కూర్చోవచ్చట. తమలపాకు పరిచి, వక్క పెట్టబోతూ అడిగాడు.

"అమ్మగారు ఊళ్లో లేరు, అంతే కదండీ?"

అచ్యుతరావు కొబ్బరికాయ కింద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"అంతే కాదండి. మేం విడిపోయాం. కోర్టులో కూడా అయిపోయింది."

పంతులు వక్కను మళ్లీ సంచిలో వేసుకున్నాడు.

"నీ పెండ్లాన్నన్న పిలువు పంతులూ" అన్నాడు ఐలయ్య. తనకింకా కాలేదని పంతులు తల వంచుకున్నాడు. ఐలయ్య లారీకి ఆనుకుని గేటు వైపు చూశాడు.

"అయితే గీ బోర్డు ఎవలి కోసం పెట్టిండ్రు సారూ?"

అందరం బోర్డు చూశాం. ప్రమోద బతికి ఉన్నన్నాళ్లు ఆ ఇంట్లో ఫ్యామిలీ అంటే మేమిద్దరమే. మమ్మల్ని తప్ప ఎవరినీ ఆ బోర్డు లోపలికి రానివ్వకూడదు. అచ్యుతరావు నన్ను ఖాళీ చేయమన్నాడు.

నేను ఆ మాట అనేలోపు పంతులు ఇంకో దారి కనిపెట్టాడు. యజమాని ఒక్కడే కూర్చోవచ్చు, అయితే గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టడానికి ఒక ముత్తయిదువ కావాలన్నాడు. హైందవి రెండడుగులు వెనక్కి వేసింది. మా అక్క ముందుకు వచ్చింది.

"నాకు పుస్తెలున్నయి. మెట్టెలున్నయి. మొగడు సుత ఉన్నడు, భీవండిల, ఇంకొకదాని దగ్గర. పనికొస్తనా?"

పంతులు కళ్లు మూసుకుని ఆలోచించాడు.

"శాస్త్రం ప్రకారం పనికొస్తారమ్మా."

"శాస్త్రానికన్న పనికొచ్చిన" అని అక్క రెండో పీట మీద కూర్చుంది.

పంతులు అచ్యుతరావు గోత్రం అడిగాడు, పేరు అడిగాడు, గుక్క తిప్పుకోకుండా సంకల్పం అందుకున్నాడు. నోటి అలవాటు. ఊపులో 'ధర్మపత్నీ సమేతస్య' అనేశాడు. నాకు సంస్కృతం రాదు గానీ ఆ మాట తెలుసు. పంతులు దిద్దుకోలేదు. దిద్దవలసిన ఇద్దరూ దిద్దలేదు. అక్క పీట కొంచెం దగ్గరకు జరుపుకుని పసుపు కలిపింది. నేను దిద్దుదామని నోరు తెరిచాను. అప్పుడే ఐలయ్య ఇంజన్ స్టార్ట్ చేశాడు. నేను ఏమన్నానో నాకే వినపడలేదు.

సాయంత్రానికి నీళ్లు పడ్డాయి. ముందు బూడిద రంగు బురద లేచి, దగ్గరగా నిలబడ్డ ఇద్దరి మీదా పడింది. అచ్యుతరావు తెల్ల పంచె, అక్క పచ్చ చీర ఒకటే రంగయ్యాయి. అచ్యుతరావు నవ్వాడు. అతను నవ్వగా నేను అంతకుముందు చూడలేదు. పళ్లు బాగానే ఉన్నాయి.

ఆ తర్వాత గిన్నె నేను పట్టుకోబోతే అక్క వద్దంది. నాకు మోకాళ్ల నొప్పులట, తనే పోతుందట. నాకు మోకాళ్ల నొప్పులు లేవు. ఉన్నది నడుము నొప్పి.

పోయిన మనిషి త్వరగా వచ్చేది కాదు. ఆవకాయలో మెంతులు ఎందుకని వాదించిందట. ఇంకో రోజు క్యారమ్స్ ఆడారట. యాభై దాటిన మనిషి క్యారమ్స్ ఆడింది. డాబా మీద తీగకు ఆమె చీర పక్కన అతని బనీను ఆరేది. క్లిప్పు కూడా రెండిటికీ కలిపి ఒకటే పెట్టేవాళ్లు.

నేను కూర్చోబెట్టి అడిగాను.

"అక్కా, ఊళ్లె ఏమనుకుంటరు?"

"సారయ్య పోయిననాడు ఊరేమన్నదిరా? ఏమనలే. గిప్పుడు సుత ఏమనదు."

"పెండ్లి చేసుకుంటవా ఏంది?"

"ఒకసారి చేసుకున్న కద. సాలదా?"

"మరి గిదేంది?"

"మెట్లెక్కుడే" అంది అక్క. బీడీ ముట్టించి, అచ్యుతరావుకు పొగ పడదని గుర్తొచ్చి, ఆర్పేసింది. నా ముందు ఎన్నడూ ఆర్పలేదు.

కేదార్, హైందవి ఖాళీ చేయలేదు. అచ్యుతరావు చేయించాలనే అనుకున్నాడు. పైన ఏదో మాట నడిచింది, మర్నాటి నుంచి ఆ ఊసు లేదు. వాళ్లిద్దరూ చివరికి ఒకరినొకరు చేసుకుంటారని వీధివీధంతా అనుకుంది. చేసుకోలేదు. ఆమె పగలు, అతను రాత్రి, అలాగే నడిపారు. హైందవి మాత్రం కోఠీ పుస్తెలు తీసి పారేసింది. మెడ దురద పోయిందని నాతో చెప్పింది.

బోర్డు కూడా పోయింది. పిల్లులు పడుతున్నాయని అక్క దాన్ని విప్పించి, బోరు గుంత మీద మూతగా వేయించింది. అక్షరాలు కింది వైపుకు.

వానలు మొదలయ్యాయి. అచ్యుతరావు చెప్పినట్టే వానలో సామాను మోయడం కష్టమైంది. నా సామాను కాదు. అక్క ట్రంకు పెట్టె. కేదార్ ఒక పక్క పట్టాడు, అచ్యుతరావు ఒక పక్క పట్టాడు. నన్ను పట్టమన్నారు. నేను దుకాణానికి పోయాను.

నా ఇల్లు నాకు మిగిలింది. ఫ్యామిలీ కావాలని తెచ్చుకున్న మనిషి పైకి పోయింది, నేను కింద ఒక్కణ్ణే ఉన్నాను, ఖాళీ చేయమన్నవాడు లేడు. మళ్లీ గట్టు ముందు వంగి వండుకున్నాను.

ఒకరోజు అచ్యుతరావు వచ్చాడు. ఈసారి చెప్పులు విడిచి, గడప దాటి లోపలికి వచ్చాడు. నేను కూర తాలింపు వేస్తూ నడుము పట్టుకున్నాను. అది చూశాడు.

"ఎందుకయ్యా ఈ అవస్థ? రేపే మేస్త్రీని పిలిపిస్తాను. గట్టు ఓ అడుగు ఎత్తు పెంచేద్దాం, బావమరిదీ."

బ్యాచిలర్ అన్నప్పుడు ఊరుకున్నాను. దానికంటే ఘోరమైన మాట ఒకటి ఉంటుందని నాకు తెలియదు.

గట్టు ముట్టొద్దన్నాను. అతను ఫోటో వైపు చూశాడు. ఏదో అనబోయి, మానుకుని, చేతిలో ఉన్న గిన్నె గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. మూత తీసి చూశాను. సర్వపిండి. మా అమ్మ చేసినట్టే, అంచులు మాడేలా.

తిన్నాను. గిన్నె కడిగాను. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు గనుక కాస్త పప్పు వండి పోసి, మెట్ల మీద పెట్టి వచ్చాను. పైకి పోలేదు.

గట్టు ఇప్పటికీ ఆ ఎత్తునే ఉంది. మిగతా సంగతి ఎవరడిగినా ఒక్కసారే చెప్దామనుకున్నాను, చెప్పాను. ఇంకెవరూ నన్ను అడగొద్దు. అడిగినా నేను చెప్పను.